నేటి నీళ్ళు

మా ‘తూర్పురేవు’ దినపత్రిక ఎనిమిదో పేజీలో, కుడిపక్క అడుగున, పద్నాలుగు బూడిదరంగు చుక్కలుండేవి. ఒక్కో చుక్క కింద ఒక్కో ఊరి పేరు. గోరుతో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ ఊరి తాగునీళ్ళ వాసన వచ్చేది. ఆ పెట్టెకి ‘నేటి నీళ్ళు’ అని పేరు పెట్టింది నేనే. ఆ చుక్కల సిరా కనిపెట్టిందీ నేనే. ఈ మధ్య ఎవరో పెద్దమనిషి నాకు సన్మానం చేస్తామని ఫోన్ చేశాడు. శాలువా మాట ఎత్తాడు. మధ్యలోనే ఫోన్ పెట్టేశాను.

నిజం చెప్పాలంటే ఆ సిరా పుట్టింది జనం కోసం కాదు, సాంబారు పొడి ప్రకటన కోసం. ప్రెస్సు వెనకాల పాత కాగితం రీళ్ళు పడేసే గదిలో నాలుగేళ్ళు తంటాలు పడ్డాను. బొటనవేలంత స్టీలు కుప్పె, అందులో కాల్చిన బంకమట్టి పొడి. మూత తీసి ఏ వస్తువు మీదైనా పట్టుకుని వంద లెక్కపెడితే దాని వాసన మట్టిలోకి దిగుతుంది. ఆ కుప్పెని నా యంత్రంలో పెట్టి వేడిచేస్తే, ఆ వాసనని అరవై మూలవాసనలుగా విడగొట్టి మళ్ళీ సిరాలో కలిపి ఇస్తుంది. కాగితం మీదకొచ్చేసరికి అది అసలుకంటే వందరెట్లు చిక్కగా ఉంటుంది. మొదటి చుక్క గీకిన రోజు ఇంగువ ఘాటుకి, పేజీలు పెట్టే బుల్లబ్బాయి తుమ్మీ తుమ్మీ కూలబడ్డాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

నీళ్ళ ఆలోచన మాత్రం ఏసురత్నం గారిది. ఆయన పెదమెట్ట లంకకి మా విలేకరి. గోదారి మధ్యలో ఊరు, పడవ తప్ప దారి లేదు. రెండేళ్ళ కిందట వరద తీశాక ఆఫీసుకొచ్చారు.

"మేడంగారండీ, వరదలో రెండ్రోజులుంటే మనిషి ముక్కు సచ్చిపోద్దండి. కుళ్ళిన గడ్డి, సచ్చిన గొడ్లు, బురద, అన్నీ అలవాటైపోతాయి. గ్లాసులో ఎంత కంపున్నా తెల్దండి. మీ సిరా గట్టిది కదా, అదైతే తగుల్తాదండి, ఆయ్" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మొద్దుబారిన ముక్కుకి కూడా నా చుక్క సూదిలా దిగేది. పద్నాలుగు లంకల విలేకరులకీ కుప్పెలిచ్చాం. సాయంత్రం పడవలో కుప్పె వచ్చేది, పొద్దున్న పడవలో పేపరు వెళ్ళేది. మరుసటి వరదలో ఒక లంకవాళ్ళు చుక్క గీకి ముక్కులు మూసుకున్నారు. వెతికితే బోరు పక్కన మరుగుదొడ్డి గుంట పొంగి ఉంది. ఊరంతా బతికిపోయింది. అప్పట్నించి లంకల్లో బిందె ముంచేముందు "పేపరు గీకేరా?" అని అడగడం ఆనవాయితీ అయింది. చదువురానివాళ్ళు కూడా మా పేపరు కొన్నారు. నేను పొంగిపోయాను.

కంపుంటే నీళ్ళు చెడ్డవని చెప్పగలం గానీ, కంపు లేనంతమాత్రాన మంచివని చెప్పలేం. ఆ సంగతి పెట్టె కింద ఒక ముక్క రాద్దామన్నాను. చోటు లేదన్నారు. సరే అన్నాను.

ఈసారి వరద ఆగస్టులో, ఒక ఆదివారం వచ్చింది. మంగళవారానికి మా ఆఫీసు మెట్ల దాకా నీళ్ళు. మా విలేకరుల్లో సగంమంది ఇళ్ళు మునిగాయి. వాళ్ళే తమ మునిగిన ఇళ్ళ ముందు మొలలోతు నీళ్ళలో నిలబడి, ఫోటోలు తీసి, ‘జలదిగ్బంధంలో లంకలు’ అని రాసి పంపుతున్నారు. పెదమెట్టలో నాలుగొందలమంది తుపాను షెల్టరు మేడమీదకి ఎక్కారు. ఏసురత్నం గారూ, ఆయన తల్లి సువార్తమ్మ గారూ అక్కడే ఉన్నారు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు.

"మేడంగారండీ, నీళ్ళ పేకెట్లు అయిపోయేయండి. జనరేటరెట్టి, షెల్టరు పక్క ట్యాంకులోకి బోరు నీళ్ళెక్కించేరు. ఆ బోరు మూడ్రోజులు వరదలో మునిగుందండి. నాకనుమానంగా ఉంది. ముక్కు సూత్తే పంజెయ్యట్లేదు. కుప్పె పట్టి ఇప్పుడే రేవులో ఇచ్చొచ్చేను, సాయంత్రం పడవకి వచ్చేత్తాది. రేపు పేపరొచ్చేదాకా ఆ నీళ్ళు ఎవర్నీ ముట్టుకోవద్దన్నానండి. వానచుక్కలు పట్టుకుని గొంతులు తడుపుకుంటన్నాం. ఛార్జింగైపోతంది, ఉంటానండి."

ఆ తర్వాత ఆయన ఫోన్ మోగలేదు.

సాయంత్రం పడవ రాలేదు. ఒక పెద్ద నాయకుడు వరద బాధితుల పరామర్శకి వచ్చాడని రేవులో ఉన్న పడవలన్నీ ఆయన వెనకాల పంపేశారట. ఫోటోగ్రాఫర్లకి రెండు, అనుచరులకి ఐదు. జనం నీళ్ళలో ఉంటే ఆయన నీళ్ళ మీద ఊరేగాడు. మిగతా పదమూడు ఊళ్ళ కుప్పెలు మధ్యాహ్నమే వచ్చేశాయి కాబట్టి సరిపోయింది. పెదమెట్టది మాత్రం అవతలి రేవులోనే ఉండిపోయింది.

ఆరున్నరైంది. లంకలకెళ్ళే పేజీ ఏడింటికల్లా పోవాలి. మా డెస్కు ఇన్‌ఛార్జి విశ్వపతి గారు కుర్చీలో వెనక్కి వాలి మిరపకాయ బజ్జీలు తింటున్నారు. ఆ నూనె వేళ్ళతోనే ప్రూఫు తిరగేస్తున్నారు.

"ఏమ్మా హైమా, పెదమెట్ట చుక్క ఖాళీగా ఉందేం?"

"కుప్పె రాలేదండి. ‘నమూనా రాలేదు’ అని వేసి వదిలేద్దాం."

"పద్నాలుగింట్లో ఒకటి లేకపోతే పన్నూడిన నోరులా ఉంటుంది. ఫోటో రాకపోతే ఏం చేస్తాం? ఫైల్ ఫోటో వేస్తాం. అలాగే ఫైల్ వాసన వెయ్యి."

"ఫోటో అయితే కింద ‘పాతచిత్రం’ అని వేస్తామండి."

"దీనికిందా వెయ్యి. ఎవరొద్దన్నారు?"

నా బీరువాలో ఊరికొక అర ఉంది. పెదమెట్ట అరలో ఇరవైకి పైగా పాత కుప్పెలున్నాయి. వాటిలో కంపు కొట్టేవీ ఉన్నాయి, శుభ్రమైనవీ ఉన్నాయి. కంపుది వేస్తే ఉత్తపుణ్యానికి జనాన్ని బెదరగొట్టినట్టవుతుందని, వేసవిలో పట్టిన శుభ్రమైనది ఏరి తీశాను. రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసి, ఇంత ఆలోచించి, నేను చేసిన ఘనకార్యం అది.

చుక్క కింద ‘పాతవాసన’ అని రాయించాను. బుల్లబ్బాయి తెర మీద అటూ ఇటూ జరిపి చూశాడు.

"మేడం, పట్టట్లేదండి. ‘పెదమెట్ట లంక’ అనేదే పొడుగు కదండి. ఇదికూడా ఏత్తే పక్కూరి మీదకెళ్ళిపోతంది."

"అయితే తీసెయ్‌వయ్యా. ఒక్కరోజుకి కొంప మునిగిపోదు" అన్నారు విశ్వపతి గారు.

కొంపలు మునిగి మూడు రోజులైందన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. ‘పాతవాసన’ అన్న మాట తీయించేశాను. టైము ఆరూ యాభై ఐదు. విశ్వపతి గారు బజ్జీల పొట్లం నా వైపు జరిపారు. ఆకలిగా ఉంది. తిన్నాను కూడా.

మర్నాడు పొద్దున్న మా ఆయన కాఫీ తాగుతూ వరసగా పద్నాలుగు చుక్కలూ గీకారు. అది ఆయనకి రోజూ సరదా.

"మిగతావన్నీ బురదకంపు. పెదమెట్టవాళ్ళ నీళ్ళు మాత్రం భలే కమ్మగా ఉన్నాయోయ్. మన కుళాయి నీళ్ళకంటే నయం" అన్నారు.

నేను ఉప్మాలోకి పోపు వేస్తున్నాను. పొద్దున్న పేపర్లు తీసుకెళ్ళిన పడవని పులిహోర పొట్లాలు పంచడానికి ఆపేశారట, ఆ సాయంత్రం కూడా కుప్పె రాలేదు. ఆ చుక్కే మళ్ళీ వేశాం. ఒకసారి అబద్ధం వేశాక రెండోసారికి ఎవర్నీ అడగక్కర్లేదు.

గురువారం పొద్దున్న కబురొచ్చింది. పెదమెట్ట షెల్టరులో వాంతులు, విరేచనాలు. నలభై ఒక్కమంది పడిపోయారు. ఇద్దరు లంకలోనే పోయారు. సువార్తమ్మ గారిని పడవలో మా ఊరి ఆసుపత్రికి తెచ్చారు గానీ మధ్యాహ్నానికి ఆమె కూడా పోయారు. బుధవారం పంచిన పులిహోర పొట్లాలు పాచిపోయాయని అధికారులు ప్రకటించారు.

ఆమె పోయిన గంటకి, పడవ సరంగు పాలిథిన్ సంచిలో చుట్టిన కుప్పె తెచ్చి నా బల్లమీద పెట్టాడు. చీటీ మీద ఏసురత్నం గారి దస్తూరి: ‘మంగళవారం. ట్యాంకు నీళ్ళు. అర్జంటు.’

యంత్రంలో పెట్టి వేడిచేశాను. చుక్క కాగితం మీద పడింది. గీకాను. ఒక్కసారిగా మరుగుదొడ్డి గుంటలో తల ముంచినట్టయింది. దాని అడుగున కుళ్ళిన మాంసం వాసన ఇంకోటి. పరుగెత్తుకెళ్ళి సింకులో కక్కేశాను. కళ్ళు తుడుచుకుని అద్దంలో చూసుకుంటే, ఆ ముఖం మీద కూడా ఉమ్మాలనిపించింది.

తహసీల్దారు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎవరో ఉద్యోగి ఎత్తాడు. నీళ్ళు మంచివి కావని చెప్పాను. "నమూనా పంపామండి, రిపోర్టు సోమవారం వస్తుంది. అయినా బాగున్నాయని మీ పేపర్లోనే వేశారు కదా మేడం. అది చూసే మేం కారణం నీళ్ళు కాదని రాసుకున్నాం" అన్నాడు.

ఆ కాగితం పట్టుకుని విశ్వపతి గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన గీకి, కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఛీ ఛీ! దూరంగా పెట్టు. ఏంటిది?"

"పెదమెట్ట ట్యాంకు. అక్కడ మిగిలినవాళ్ళు ఇప్పటికీ ఇవే తాగుతున్నారండి. సవరణ వేద్దాం. ఈ చుక్క మొదటి పేజీలో వేద్దాం."

ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని గొంతు తగ్గించారు. "ఎవరికైనా చెప్పావా?"

"తహసీల్దారు ఆఫీసుకి చెప్పాను. నమ్మలేదు."

"మంచిదైంది. చూడమ్మా, పులిహోర అన్నది వాళ్ళు, మనం కాదు. సవరణ వేస్తే మనమే చంపామంటారు. ఆ తర్వాత నీ చుక్క ఎవడు గీకుతాడు? నీ సిరాయే చచ్చిపోతుంది, ఆలోచించుకో. రేపట్నించి ఆ పెట్టె తీసేసి ప్రకటన వేద్దాం." నేను కదలకపోయేసరికి ఇంకో మాటన్నారు. "అన్నట్టు, మూడో మృతురాలి ఫోటో రాలేదు. ఏసుకి ఫోన్ చెయ్యి. వాళ్ళమ్మేగా. నాలుగు ముక్కలు వాడిచేతే రాయిస్తే చదివినవాళ్ళు ఏడ్చి చస్తారు."

శవం మీద పేలాలు ఏరుకోవడమంటే ఉట్టి సామెత అనుకునేదాన్ని. ఏరుకునే వేళ్ళు ఎలా ఉంటాయో ఆ రోజు చూశాను. నావి కూడా.

ఫోన్ చెయ్యక్కర్లేకుండానే ఏసురత్నం గారు వచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఆయన చనిపోయినవాళ్ళ ఇళ్ళకెళ్ళి ఫోటోలు అడిగి తెచ్చిన మనిషి. ఏడుస్తున్నవాళ్ళని ఎలా అడగాలో, ఎప్పుడు అడగాలో ఆయనకి తెలుసు. ఈసారి అడగడానికి ఎవరూ లేరు. తడిసిన చొక్కా జేబులోంచి తల్లి ఆధార్ కార్డు తీసి నా చేతికిచ్చారు.

"పెద్దది సేత్తే మసకైపోద్దేమోనండి. మంచిది ఇంట్లో ఉంది. ఇల్లు మునిగిపోయింది కదండి."

నేను కార్డు పట్టుకుని నిలబడ్డాను.

"పూడ్చడానికి నేల్లేదండి. నీళ్ళు తీసేదాకా మార్చురీలో ఉంచుతామన్నారు" అన్నారు. తర్వాత తలొంచుకుని, "మేడంగారండీ, నేను పట్టిన కుప్పె సరిగ్గానే ఉందాండి? ముక్కు పంజెయ్యక మూత ఏమన్నా సరిగ్గా తియ్యలేదేమోనని... పేపర్లో బాగుందని సూసి, తాగండని అందరికీ నేనే సెప్పేనండి. పులిహోరంటన్నారు గానీ, మా అమ్మ పులిహోర ముట్టుకోలేదండి" అన్నారు.

అప్పుడైనా చెప్పి ఉండాలి. "పడవ ఉందా? లంకకి వెళ్దాం పదండి. ఆ నీళ్ళు ఆపాలి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

గంటన్నర పట్టింది. అరటితోటల మీదుగా పోయాం. చెట్లకి చిక్కుకుని ఉబ్బిపోయిన గేదెలు, కోళ్ళు. మొదట్లో కొంగు ముక్కుకి కట్టుకున్నాను. సగం దారిలో ఎప్పుడు తీసేశానో గుర్తులేదు.

షెల్టరు పక్క ట్యాంకు కింద కుళాయిల దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. ఏసురత్నం గారిని చూసి ఇద్దరు ముసలమ్మలు ఏడుస్తూ దగ్గరకొచ్చారు. నేను కుళాయి కట్టేసి, ఈ నీళ్ళు తాగొద్దని చెప్పాను.

"బాగున్నాయని పేపర్లో ఏసేరు కదమ్మా" అందొకామె. చంకలో పిల్ల ఉంది.

గీకిన కాగితం విశ్వపతి గారి బల్లమీదే మరిచొచ్చాను; సంచిలో ఉన్న కుప్పె మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

"ఏ వాసనా లేదమ్మా."

నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకూ రాలేదు. మధ్యాహ్నం నన్ను సింకులో కక్కించిన వాసన ఆ కుప్పెదే.

"మంచియ్యి కాదంటే ఆ ముక్కేదో పేపర్లోనే ఎయ్యండి. ఏత్తే మానేత్తాం. నీ నోటిమాటకి పిల్లల దాహం ఆగద్దేటమ్మా?" అని ఆమె మళ్ళీ కుళాయి తిప్పింది.

"పేపర్లో వేసింది ఈ నీళ్ళు కాదు!" అని అరిచాను. "ఈయన పంపిన కుప్పె మాకు అందలేదు. ఖాళీగా ఉంటే బాగుండదని పాతది వేశాం. వేసింది నేను. చేతులారా వేశాను. ఏసురత్నం గారికి ఇప్పటిదాకా తెలీదు."

ఏసురత్నం గారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది. ఆయన ట్యాంకు స్తంభాల మధ్యకి వెళ్ళి, ట్యాంకు ఖాళీ చేసే చక్రం రెండు చేతులా పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. తుప్పు పట్టి ఉంది. నేనూ వెళ్ళి పట్టుకున్నాను. ఒక్కసారిగా నీళ్ళు విరగబడ్డాయి. జనం కేకలు వేస్తూ మీద పడ్డారు. పిల్లని ఎత్తుకున్నామె నా చెంప పగలగొట్టింది. ఆ దెబ్బ నాకు బాకీయే. చక్రం మాత్రం ఇద్దరం వదల్లేదు.

ట్యాంకు ఎండిపోయిందని కబురు వెళ్ళిన రెండు గంటల్లో, ఇంకా వెలుగుండగానే, మంచినీళ్ళ డబ్బాలతో రెండు పడవలొచ్చాయి. ముగ్గురు చచ్చినా రాని పడవలు. మర్నాడు మా పేపరు ‘తాగునీటి ట్యాంకును ఖాళీ చేసిన మాజీ ఉద్యోగిని’ అని వేసింది. నేను మాజీనని నాకు అది చదివాకే తెలిసింది. సవరణ ఈ రోజు వరకూ రాలేదు.

ఆ సాయంత్రం తిరుగు పడవలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. రేవు దగ్గరపడుతుండగా ఆయన అడిగారు.

"ఆ పాత కుప్పె ఎప్పటిదండి?"

"మార్చిది."

"ట్యాంకుదేనాండి?"

"కాదు. చీటీ మీద ‘ఇంటి కుండ’ అని ఉంది. అదీ చూసే వేశాను."

ఆయన తలూపారు. మొహం తుడుచుకుంటారేమో అనుకున్నాను. తుడుచుకోలేదు.

"అది మా కుండేనండి. కుప్పె ఎలా పడతారో అమ్మకి సూపిద్దామని పట్టేను. అమ్మ ఎప్పుడూ గోదారి నీళ్ళే తెచ్చి, సిల్లగింజ అరగదీసి కలిపి, మడ్డి దిగేదాకా తేర్సి, కుండలో వట్టివేళ్ళేసేదండి. బుధవారం పొద్దున్న పేపరు గీకి ముక్కు దగ్గరెట్టుకుందండి. ‘ఒరే ఏసూ, ఇయ్యి మన కుండ నీళ్ళురా’ అంది. ఇల్లు మునిగిన దిగులుకి ఏదో అంటందనుకున్నానండి. ‘కాదే అమ్మా, ట్యాంకుయ్యే, తాగు’ అని గ్లాసు నేనే నోటికందించేనండి."